రైతు చేతికత్తి: ఉక్కు నెఱిగి కొనుట

బొంతపల్లి రైతు ప్రొద్దుననుండి మాపువఱకు కత్తిని ఎన్ని మారులు చేతబట్టునో లెక్కించినవారు లేరు. కంచెకు తుమ్మకంప నఱకవలెనన్నను, పశువునకు మేత తఱుగవలెనన్నను, బస్తా మూతిత్రాడు తెంపవలెనన్నను, తోటలో సొరకాయ కోయవలెనన్నను కత్తియే దిక్కు. అట్టి పనిముట్టును కొనునప్పుడు మన సభ్యులలో పలువురు దాని మెఱుపును, వెలను చూచుచున్నారే కాని లోహమును చూచుట లేదు. ఎద్దును కొనునప్పుడు పండ్లు లెక్కించి, సుడులు చూచి, నాలుగడుగులు నడిపించి గాని బయానా ఇయ్యని రైతు కత్తిని మాత్రము సంతలో చేతికందినదానిని కొనుట మాకు వింతగా తోచుచున్నది.

దీనివలని నష్టము వెలతో తీఱునది కాదు. మెత్తని కత్తి రెండు దినములలో మొద్దుబాఱును. మొద్దు కత్తిని బలముగా నొక్కవలసివచ్చును. నొక్కిన కత్తి జాఱును. జాఱిన కత్తి ఎడమచేతి వ్రేలిమీదికి వచ్చును. వాడియైన కత్తికంటె మొద్దు కత్తియే ఎక్కువ గాయములు చేయునని కూలిపనివారందఱు నెఱుగుదురు. పనికాలమున చేయి కట్టుకొని కూర్చున్న పదిదినముల నష్టమును కత్తి వెలకు కలిపి చూచిన, చౌకకత్తి ఎంత ప్రియమో తెలియగలదు.

ఈ ప్రాంతమున ఇనుమునకు కొదువ లేదు. 1970 దశకమునుండి పటాన్‌చెరువు చుట్టును కర్మాగారములు లేచినవి. వానివెంట లారీలు, లారీలవెంట మరమ్మతు షెడ్లు, షెడ్లవెంట పాతయినుము దుకాణములు వచ్చినవి. కొలిమికి చేరు ముడిసరుకులో పెద్దపాలు నేడు ఈ దుకాణములదే. ఇది యొక సౌకర్యము. చిక్కును ఇందే యున్నది. ఏలయన పాతయినుపకుప్పలో కత్తికి పనికివచ్చు ఉక్కును, ఎన్నటికిని పనికిరాని మెత్తని యినుమును ప్రక్కప్రక్కనే పడియుండును. తుప్పు రెంటికి నొకటే.

ఇనుమును ఉక్కుగా జేయునది కర్బనము, అనగా బొగ్గులోని సారము. తలుపు బందులకు, రేకులకు వాడు మెత్తని యినుములో కర్బనము నూటికి కాలుపాలుకంటె తక్కువ. దానిని ఎఱ్ఱగా కాచి నీట ముంచినను కత్తికి తగినంత గట్టిపడదు. కత్తికి నూటికి అరపాలు మొదలు ఒకపాలువఱకు కర్బనము వలయును. లారీ కమానుపట్టీలో నూటికి అరపాలు, లేక అంతకు కొంచెమెక్కువ యుండును. కావుననే కమానుపట్టీ కత్తికి పేరు వచ్చినది. అయితే చిరకాలము బరువు మోసి విఱిగిన పట్టీలో కంటికి కానరాని నెఱ్ఱెలుండవచ్చును. విఱిగినచోటికి దూరముగా నున్న భాగమును తీసికొమ్మని కమ్మరితో చెప్పవలెను.

ఇండ్ల కప్పులకు వాడు కడ్డీని గూర్చి ప్రత్యేకముగా చెప్పవలసియున్నది. టీ.ఎం.టీ. కడ్డీ మిక్కిలి బలమైనదని ప్రకటనలలో చదివి, దానితో కత్తి చేయించుకొనువారు కలరు. ఆ కడ్డీ బలము దాని కర్బనమువలన వచ్చినది కాదు. దానిలో కర్బనము కొద్దిపాటి యే. మిల్లులో కడ్డీ ఎఱ్ఱగా బయటికి వచ్చుచుండగా నీటిని జిమ్మి పైపొరను గట్టిపఱతురు. దానిని కమ్మరి మరల కొలిమిలో నుంచిన క్షణముననే ఆ గట్టిదనము పోవును. మిగిలినది మెత్తని యినుము. కప్పునకు అది యుత్తమమైనదే; కత్తికి కాదు.

కొనువాడు కొలిమివద్ద కూర్చుండి లోహమును పరీక్షించుట మన సీమకు క్రొత్తగాదు. ఇప్పటి నిజామాబాదు జిల్లాలోని కోనసముద్రమున పూర్వము మూసలలో కరగించి ఉక్కు తీయుచుండిరి. 1820 ప్రాంతమున అచ్చటి కొలుములను చూచిన హెన్రీ వాయిసీ యను వైద్యుడు, ఇస్ఫహానునుండి వచ్చిన పారసీక వర్తకు డొకడు అచ్చటనే యుండి, సరుకుల తూకమును, లోహపు గట్టిదనమును స్వయముగా చూచుకొనుచుండెనని వ్రాసెను. సముద్రము దాటి వచ్చినవాడు అంత శ్రద్ధ చూపగా, ఊరి కొలిమికి నాలుగడుగులు నడువవలసిన మనము చూపకుండుట తగునా? ఆంగ్లేయులు ఈ లోహమును 'వుట్జ్' అని పిలిచిరి. అది మన ఉక్కు అను మాటకే వికారరూపమని పండితులు చెప్పుదురు. విద్యుచ్ఛాస్త్రమున పేరుపొందిన మైకేల్ ఫారడే 1819లో దీనిని పరిశోధించెను. ఆ యుక్కులో కర్బనము నూటికి ఒకటికి పైగా నుండెడిది. నేటి కమానుపట్టీ దానికి సాటిరాదు గాని, రైతు పనికి చాలును.

ఇక పరీక్షలు. కొలిమిలో కాచి చల్లార్చుటవలన వచ్చు గట్టిదనమును పదను అనియు, రాతిపై నూఱుటవలన వచ్చుదానిని వాడి అనియు ఇచ్చట వ్యవహరింతుము. వాడి ఎట్టి యినుమునకైనను ఒకపూట నిలుచును. అంగడివాడు కాగితము కోసి చూపునది వాడియే. మనకు కావలసినది పదను.

ఆకురాయి నొకదానిని వెంట తీసికొనిపొండు. కత్తి వీపుమీద దానిని మెల్లగా రాచిన కొంచెము పట్టి యినుపపొడి రాలవలెను. అంచుప్రక్కన రాచినప్పుడు దాదాపు పట్టక జాఱవలెను. రెండుచోట్లను ఒకేతీరున పొడి రాలిన, ఆ కత్తికి పదను లేదు. రెండుచోట్లను అద్దముమీదవలె జాఱిన, పదను మిక్కుటమై కత్తి పెళుసుగా నున్నదని యనుమానింపవలెను. అది కంపమీద దెబ్బకు విఱుగును. తరువాత అంచును ఇత్తడి కడ్డీమీద ఏటవాలుగా నుంచి మెల్లగా నొక్కుడు. మంచి అంచు కొంచెము వంగి, విడిచినంతనే తిన్ననగును. వంగి అట్లే నిలిచిన మెత్తన. పలుకులుగా రాలిన పెళుసు. ఈ పరీక్షను అంగీకరింపని విక్రేతవద్ద కొనకుండుటయే మేలు.

అయస్కాంతము నంటించి చూపి 'ఇది అసలైన ఉక్కు' అనువాని మాట నమ్మదగదు. మెత్తని యినుమును అంటును. తుప్పుపట్టని కత్తులలో పెక్కును అంటును. అయస్కాంతముతో పని కమ్మరికి కలదు. ఉక్కు సుమారు 770 డిగ్రీల వేడికి వచ్చినప్పుడు అయస్కాంతము దానిని పట్టదు. అప్పటినుండి మఱికొంచెము కాచి ముంచిన పదను సరిగా నిలుచును. కమానుపట్టీని నీటికంటె నూనెలో ముంచుట క్షేమము; నీట ముంచినప్పుడు నెఱ్ఱెలు విచ్చు భయము కలదు. ముంచిన పిమ్మట దానిని అట్లే చేతికియ్యరాదు. మరల సన్నని సెగపై కాచి, తోమిన అంచు ఎండుగడ్డి వన్నెనుండి గోధుమ వన్నెకు తిరుగువఱకు నుంచి తీయవలెను. కూరగాయలు కోయు చిన్నకత్తికి గడ్డివన్నె చాలును. కంప నఱకు పెద్దకత్తికి గోధుమవన్నె దాటి ఊదాకు తిరిగినను దోషము లేదు. ఈ రంగులను గూర్చి అడిగినప్పుడు కమ్మరి ముఖము వికసించిన, అతడు పని తెలిసినవాడని గ్రహింపుడు.

సంతలోని కత్తికి అంచువెంబడి నీలిమచ్చలున్న యెడల కొనవలదు. కరెంటుచక్రముమీద ఆత్రముగా సానపట్టినప్పుడు అంచు కాలి నీలివన్నె వచ్చును. వన్నెతోపాటు పదనును దిగిపోవును. కొన్న కత్తిని వీథిసానవానికి ఇచ్చునప్పుడును ఇదే జాగ్రత్త వలయును. రాతిపై నీళ్లు చిలుకుచు చేతితో నూఱుటకు సమానమైనది లేదు.

పిడిని గూర్చి రెండు మాటలు. మడత చాకునకు కీలు బలహీనము. బలముగా పట్టినప్పుడు వ్రేళ్లమీదికి ముడుచుకొనును. మడతలేని కత్తికి ఆ భయము లేదు గాని, పిడిలోనికి దూరిన తోక పొట్టిగా నున్న అదియు నమ్మదగినది కాదు. తోక పిడిలో మూడుపాళ్లైనను దూరి, రెండు చీలలతో బిగింపబడవలెను. లేదా పిడి మొదట పొన్ను బలముగా తొడుగవలెను. బాగుగా నెండిన తుమ్మకఱ్ఱ పిడికి మంచిది. పచ్చికఱ్ఱ ఎండినకొలది వదులగును. ప్లాస్టిక్ పిడి తడిచేతిలో జాఱును.

తుప్పుపట్టని ఉక్కును మేము నిందించుట లేదు. 1913లో షెఫీల్డున హారీ బ్రియర్లీ క్రోమియము కలిపి చేసిన ఉక్కునుండి ఆ కత్తులు వ్యాపించినవి. నిమ్మకాయలు, మామిడికాయలు కోయు వంటయింటికి అవి సుఖము. కత్తిని తడితోనే గట్టున వదలి వచ్చువానికి అవియే తగినవి. కాని చౌకరకములు త్వరగా మొద్దుబాఱును. చేని గట్టున చిన్న రాతితో వానికి వాడి తెచ్చుట కష్టము. కర్బనపు ఉక్కు నాలుగు రుద్దులకే వాడి తేఱును.

దానికి బదులుగా అది కోరునది కొంత శ్రద్ధ. పని ముగిసినంతనే తుడిచి, పొడిగుడ్డతో ఆముదము పూయవలెను. కొంతకాలమునకు కత్తి నల్లబాఱును; అది తుప్పు కాదు, దానిని తోమి పోగొట్టవలదు. ఎఱ్ఱని తుప్పును మాత్రము వెంటనే తీయవలెను. తోలు ఒరలో దినములతరబడి నుంచిన చెమ్మ పట్టును. కత్తి తెగినప్పుడు పసుపు అద్ది ఊరకుండుట చాలదు: ధనుర్వాతపు క్రిమి తుప్పులో గాక మట్టిలోను పేడలోను నుండును. గాయమును శుభ్రమైన నీటితో కడిగి, ఆసుపత్రికి పోయి సూది వేయించుకొనవలెను.

పెద్దకత్తి యుంచుకొన్న తప్పేమోయని కొందఱు సభ్యులు జంకుచున్నారు. 1959 ఆయుధముల చట్టము క్రింది నియమములలో తొమ్మిది అంగుళములకు మించిన పొడవుగాని, రెండంగుళములకు మించిన వెడల్పుగాని గల కత్తులు పేర్కొనబడినను, గృహకృత్యములకును వ్యవసాయమునకును ఉద్దేశింపబడినవి వానిలోనుండి తప్పింపబడినవి. చేనికి తీసికొనిపోవు కత్తిని జాతరకు తీసికొనిపోవుట మాత్రము మాని వేయుడు.

పదిమంది సభ్యులు కలిసి ఒకే కమ్మరికి చెప్పిన పక్షమున, పట్టీని మనమే చూచి తెచ్చియిచ్చి, ఆకురాయి పరీక్షకు నిలిచినవానికే కూలి యిచ్చునట్లు ఒడంబడిక చేసికొనవచ్చును. కమ్మరికిని ఒకేసారి పని దొరకును. ఏరువాక దగ్గఱపడిన కొలది కొలిమివద్ద తొందర హెచ్చి, పదను పనికి తీఱిక యుండదు గనుక, మాఘమాసము దాటకుండనే చెప్పియుంచుట మంచిది.