తాళంచెవి పుట్టే చోటే దొడ్డిదారి

బిట్‌కాయిన్ దాచుకోవడమంటే 256 బిట్ల రహస్య సంఖ్య ఒకదాన్ని దాచుకోవడమే. అది ఎవరికి తెలిస్తే సొమ్ము వారిది. ఆ సంఖ్యను దాచే హార్డ్‌వేర్ వాలెట్ అనే పరికరానికి ఇంటర్నెట్ సోకనివ్వకుండా ఎల్లారెడ్డిలో ఇంటి బీరువాలోనో, కామారెడ్డిలో బ్యాంకు లాకర్లోనో పెడితే భద్రమే అనిపిస్తుంది. ఆ సంఖ్యను పుట్టించిన చిప్పులోనే దొడ్డిదారి ఉంటే మాత్రం దొంగ బీరువా జోలికి రానక్కరలేదు. తన ఊళ్లోనే కూర్చుని సంఖ్యను లెక్కగట్టుకుంటాడు.

ఎవరూ ఊహించలేని యాదృచ్ఛిక సంఖ్యలు పుట్టించడానికి ఇంటెల్ 2012లో తెచ్చిన ఐవీ బ్రిడ్జ్ ప్రాసెసర్లలో ఒక చిన్న సర్క్యూట్ ఒకటికీ సున్నాకీ మధ్య ఊగుతూ, వేడి వల్ల పుట్టే అలజడి ఎటు తోస్తే అటు పడుతుంది. అలా పోగైన బిట్లను ఏఈఎస్ అనే ఎన్‌క్రిప్షన్ పద్ధతి కలగలిపి, 128 బిట్ల ముక్కలుగా బయటికిస్తుంది.

బెకర్, రెగజోని, పార్, బర్లెసన్ అనే నలుగురు పరిశోధకులు 2013లో ఈ డిజైన్‌ను లొంగదీసిన తీరు అద్భుతం. కొత్తగా ఒక్క ట్రాన్సిస్టర్ చేర్చలేదు, ఒక్క తీగ కదపలేదు. కొన్ని ట్రాన్సిస్టర్లలో సిలికాన్‌కు కలిపే మలినాల రకాన్ని మార్చారు, అంతే. దాంతో ఆ ట్రాన్సిస్టర్లున్న లాజిక్ గేట్లు లోపలికి ఏమొచ్చినా ఒకే విలువ దగ్గర బిగుసుకుపోతాయి. ఆ విలువలు దొంగకు ముందే తెలుసు. 128 బిట్ల అనిశ్చితిలో అతడు ఊహించాల్సినవి 32 మాత్రమే మిగులుతాయి. అంటే దాదాపు 429 కోట్ల అవకాశాలు. మామూలు కంప్యూటర్ కూడా వరసపెట్టి వెతికేయగలదు. అయినా ఏఈఎస్ పుణ్యమా అని బయటికొచ్చే అంకెలు గణాంక పరీక్షల్లో నెగ్గుతాయి. చిప్పు తనను తాను పరీక్షించుకునే ఏర్పాటు సరిచూసేది 32 బిట్ల చెక్‌సమ్‌నే కనుక, అది సరిపోయేలా బిగింపు విలువలను ఏరుకున్నారు. లోహపు పొరలు ఉన్నవి ఉన్నట్టే ఉంటాయి కాబట్టి మామూలు మైక్రోస్కోపుకు ఏ తేడా కనిపించదు.

ఇది ప్రయోగం, అమ్మకానికొచ్చిన చిప్పుల్లో దొరికింది కాదు. 32 బిట్లతో ఏమవుతుందో మాత్రం 2023లో తెలిసొచ్చింది. లిబ్‌బిట్‌కాయిన్ ఎక్స్‌ప్లోరర్ ప్రోగ్రాము అంతే అనిశ్చితితో వాలెట్లు తయారుచేయడంతో, దొంగలు 9 లక్షల డాలర్లకు పైగా ఊడ్చుకుపోయారు.

చిప్పుల్లో దాగే ఇలాంటి దొడ్డిదారులను వర్గీకరించి పట్టే పనిలో ఆంధ్ర విశ్వవిద్యాలయంలో ఇంజినీరింగ్ చదివిన రమేష్ కర్రి ముందున్నారు. న్యూయార్క్ విశ్వవిద్యాలయ ఆచార్యుడిగా ఆయన విద్యార్థుల చేతే చిప్పు డిజైన్లలో దొంగ సర్క్యూట్లు పెట్టించే పోటీలు నడిపారు.

వాలెట్లకు మందు ఒక్క చిప్పునే నమ్మకపోవడం. ట్రెజర్ వాలెట్ తన యాదృచ్ఛిక బిట్లకు కంప్యూటర్ ఇచ్చినవీ కలుపుతుంది. కోల్డ్‌కార్డ్‌లో యజమానే పాచికలు వేయవచ్చు: 100 సార్లు వేస్తే 256 బిట్లు దాటుతాయి, ఆ పందేల నుంచి అదే సంఖ్య వచ్చిందో లేదో వేరే కంప్యూటర్లో లెక్కగట్టి సరిచూసుకోవచ్చు.