ఫిల్మ్‌లో షార్ప్‌గా వచ్చిన పాత లెన్స్ 61 మెగాపిక్సెల్స్‌లో బ్లర్‌గా ఎందుకు కనిపిస్తుంది?

ఫిల్మ్ కెమెరా నాటి 50 ఎంఎం ఎఫ్/1.8 లెన్స్‌ని అడాప్టర్‌తో సోనీ ఏ7ఆర్ 4కి తగిలిస్తారు. ఫొటో తీసి కంప్యూటర్‌లో ఫుల్‌గా జూమ్ చేస్తారు. వెంటనే "లెన్స్ పోయింది" అని అమ్మకానికి పెట్టేస్తారు. కాస్త ఆగండి. చాలాసార్లు పోయింది లెన్స్ కాదు, ఫోకస్.

ఫొటోలో ఒక చుక్క ఎంత పెద్దదైతే బ్లర్ అనాలి? 35 ఎంఎం ఫిల్మ్‌కి సుమారు 0.03 మి.మీ. అని లెక్క పెట్టుకున్నారు. ఓ మోస్తరు సైజు ప్రింట్‌ని చేతిలో పట్టుకుని చూస్తే కంటికి తెలియనంత బ్లర్ అన్నమాట. ఇక ఏ7ఆర్ 4లో ఒక్కో పిక్సెల్ 3.76 మైక్రాన్లు. జూమ్ చేసి చూసేవాళ్లు రెండు పిక్సెల్స్ బ్లర్‌ని కూడా పట్టేస్తారు. అంటే 0.0075 మి.మీ., పాత లెక్కలో సరిగ్గా నాలుగో వంతు.

ఇది ఫొటోలో ఎలా తెలుస్తుందో చూద్దాం. మనిషి 2 మీటర్ల దూరంలో ఉన్నాడు, అపర్చర్ ఎఫ్/1.8. ఫిల్మ్ లెక్కన ముందూ వెనకా కలిపి దాదాపు 17 సెం.మీ. షార్ప్‌గా ఉన్నట్టే. ముక్కు నుంచి చెవి దాకా వచ్చేస్తుంది. కొత్త లెక్కన మిగిలేది 4 సెం.మీ. పైచిలుకు మాత్రమే. కనురెప్ప దొరికితే చెవి పోతుంది.

మనలో చాలామందికి ఉన్న ఒక అలవాటు కూడా ఇక్కడే దెబ్బతీస్తుంది. మధ్య పాయింట్‌తో కంటిపై ఫోకస్ లాక్ చేసి, కెమెరాని పక్కకి తిప్పి ఫ్రేమ్ సరిచేసుకోవడం. అదే 2 మీటర్ల దగ్గర 15 డిగ్రీలు తిప్పితే ఫోకస్ దాదాపు 7 సెం.మీ. వెనక్కి పోతుంది. ఫిల్మ్‌కి ఇటు 8, అటు 8 సెం.మీ. సందు ఉండేది కాబట్టి తప్పు కనపడలేదు. ఇప్పుడున్నది అటూ ఇటూ 2 సెం.మీ. మాత్రమే. పాత కెమెరాల ఫోకస్ మహా కచ్చితం అనేవాళ్ల మాట నేను నమ్మను. తప్పులు అప్పుడూ ఉన్నాయి, ప్రింట్ వాటిని దాచేసింది, అంతే.

అసలు ఫిల్మే పూర్తిగా చదునుగా ఉండదు, కాస్త వంగుతుంది. అందుకే 1990లో వచ్చిన కాంటాక్స్ ఆర్‌టీఎస్ 3లో ఫిల్మ్‌ని వెనక ప్లేట్‌కి వ్యాక్యూమ్‌తో లాగి పట్టే ఏర్పాటు పెట్టారు. సెన్సర్‌కి ఆ గొడవ లేదు. కానీ డీఎస్ఎల్ఆర్‌లలో ఆటోఫోకస్ కోసం అద్దం కింద వేరే సెన్సర్ ఉంటుంది. ఆ రెండు దారుల పొడవులో కొద్ది తేడా వచ్చినా ఫోకస్ తప్పుతుంది. నికాన్ డీ3, కేనన్ 1డీ మార్క్ 3 లాంటి 2007 నాటి మోడల్స్‌లో లెన్స్‌కి తగ్గట్టు ఫోకస్ సర్దుకునే సెట్టింగ్ వచ్చింది ఇందుకే. మిర్రర్‌లెస్‌లో ఫొటో తీసే సెన్సరే ఫోకస్ కూడా చూస్తుంది కాబట్టి ఈ బాధ తప్పింది.

ఇంకో సంగతి. 61 మెగాపిక్సెల్ ఫొటో వెడల్పు 9504 పిక్సెల్స్. మామూలు 24 అంగుళాల ఫుల్ హెచ్‌డీ మానిటర్‌పై 100 శాతం జూమ్ అంటే ఎనిమిదిన్నర అడుగుల ప్రింట్‌ని అడుగున్నర దూరం నుంచి చూస్తున్నట్టు. ఏ పెళ్లి ఆల్బమ్‌నీ మనం అలా చూసి ఉండం.

కాబట్టి లెన్స్ అమ్మే ముందు ఈ టెస్ట్ చేయండి. కెమెరాని ట్రైపాడ్‌పై పెట్టి, స్క్రీన్‌పై బాగా పెద్దది చేసి చేత్తో ఫోకస్ చేయండి. ఫోకస్ పీకింగ్ రంగుని నమ్మకండి, అది దగ్గర దాకా తీసుకెళ్తుంది గానీ సరిగ్గా గురి మీదకి కాదు. ఎఫ్/1.8లో ఒకటి, ఎఫ్/4లో ఒకటి తీయండి. అపర్చర్ మార్చాక మళ్లీ ఫోకస్ చేయండి, కొన్ని లెన్సుల్లో అది కాస్త జరుగుతుంది. ఎఫ్/1.8లో మెత్తగా ఉండి ఎఫ్/4లో గీతలు తేటగా వస్తే లెన్స్ బాగానే ఉంది. ఎఫ్/4లోనూ మసకగానే ఉంటే లెన్స్‌లోకి టార్చ్ వేసి చూడండి. సాలెగూడులా సన్నటి దారాలు కనిపిస్తే అది ఫంగస్. అలాంటి లెన్స్‌ని మిగతా వాటితో కలిపి ఒకే బ్యాగులో మాత్రం పెట్టకండి.