ఉప్పుగాలిలో పాత వ్యాను: అండమాన్‌లో మరమ్మతు ఖర్చు ఎక్కడ మొదలవుతుంది?

వర్షాకాలంలో వంటింట్లో ఉప్పు జాడీ మూత తీస్తే ఉప్పు చెమ్మగిల్లి ముద్దకట్టి కనిపిస్తుంది. అందులో ఎవరూ నీళ్లు పోయలేదు. గాలిలోని తేమను ఉప్పే పీల్చుకుంది. అండమాన్ దీవుల్లో పాత వ్యాన్లు ఎందుకు త్వరగా పాడవుతాయో అర్థం చేసుకోవడానికి ఈ జాడీయే మొదటి పాఠం.

ఈ దీవుల్లో రైలు మార్గం లేదు. శ్రీ విజయపురం (2024 సెప్టెంబరు వరకు పోర్ట్ బ్లెయిర్) నుంచి ఉత్తరాన డిగ్లీపూర్ వరకు సాగే నాలుగో నంబరు జాతీయ రహదారి మీదే సరుకులు, పర్యాటకులు, కూలీలు, పనిముట్లు కదలాలి. ఆ పనిలో పెద్ద వ్యాన్లది ముఖ్యపాత్ర. ఫోర్స్ ట్రావెలర్, టాటా వింగర్ వంటివి ఆ కోవకు చెందినవే. 2011 జనాభా లెక్కల ప్రకారం ఇక్కడి వారిలో సుమారు 13 శాతం మందికి తెలుగు మాతృభాష. విశాఖ, భీమిలి, కాకినాడ తీరాల్లో వాహనం నడిపేవారికి కూడా ఇక్కడి అనుభవం ఉపయోగపడుతుంది.

ఆరని ఉప్పు పొర

అలలు విరిగినప్పుడు లేచే సన్నని తుంపరలు గాలిలో తేలుతూ వచ్చి లోహం మీద వాలతాయి. నీరు ఆవిరైనా ఉప్పు మిగులుతుంది. గాలిలో సాపేక్ష ఆర్ద్రత 75 శాతం దాటితే మామూలు ఉప్పు తేమను పీల్చి ద్రవంగా మారుతుంది. సముద్రపు ఉప్పులో మెగ్నీషియం క్లోరైడ్ కూడా ఉంటుంది కనుక అది ఇంకా తక్కువ ఆర్ద్రతకే చెమ్మగిల్లుతుంది. వేసవి మధ్యాహ్నం అనంతపురంలో ఈ పొర పూర్తిగా ఎండిపోతుంది. అండమాన్‌లో ఏడాదిలో ఎక్కువ నెలలు ఆర్ద్రత 75 శాతం పైనే ఉంటుంది కాబట్టి అది ఆరే అవకాశం తక్కువ.

తుప్పు ఒక విద్యుత్ రసాయన చర్య. ఇనుప ఉపరితలం మీద ఒకచోట ఇనుము ఎలక్ట్రాన్లను వదిలి కరుగుతుంది. మరోచోట ఆ ఎలక్ట్రాన్లను ఆక్సిజన్, నీరు అందుకుంటాయి. ఈ చిన్న బ్యాటరీ పనిచేయాలంటే మధ్యలో విద్యుత్తును మోసే ద్రవం కావాలి. ఉప్పునీరు ఆ పనిని మంచినీటి కంటే ఎన్నో రెట్లు బాగా చేస్తుంది. పైగా క్లోరైడ్ అయాన్లు లోహం మీది రక్షణ పొరను ఛేదించి గుంటలు చేస్తాయి. తుప్పుగా మారిన ఇనుము పరిమాణం రెండు నుంచి ఆరు రెట్లు పెరుగుతుంది. అందుకే పెయింటు ముందు పొక్కులా ఉబ్బి, తర్వాత పెచ్చులుగా ఊడుతుంది.

వాతావరణ తుప్పు తీవ్రతను ఐఎస్ఓ 9223 ప్రమాణం తరగతులుగా విభజించింది. తక్కువ తీవ్రత గల సి2 ప్రదేశంలో రక్షణ లేని ఉక్కు మొదటి ఏడాదిలో 25 మైక్రోమీటర్ల వరకే అరుగుతుంది. చాలా తీవ్రమైన సి5 తీరప్రాంతంలో 80 నుంచి 200 మైక్రోమీటర్లు అరుగుతుంది. బాడీ రేకు మందం 0.8 మిల్లీమీటర్లు అనుకుందాం. పెయింటు పోయి, రెండు వైపులా 80 చొప్పున అదే వేగంతో అరిగితే చిల్లు పడటానికి అయిదేళ్లు చాలు. సి2లో అదే రేకుకు 16 ఏళ్లు పడుతుంది. అందువల్ల ఇక్కడ పాత వ్యాను వయసును మీటరు మీది కిలోమీటర్లతో మాత్రమే లెక్కించలేం.

వాన తాకని చోటే ముప్పు

దీవుల్లో ఏటా సుమారు 3,000 మిల్లీమీటర్ల వాన కురుస్తుంది. ఆ వాన వ్యాను పైకప్పును, తలుపులను కడిగి ఉప్పును తీసుకుపోతుంది. కానీ బండి అడుగుభాగం, చక్రాల మీది వంపులు, తలుపుల లోపలి అంచులు, ఛాసిస్ పెట్టె గొట్టాలు వానకు అందవు. అక్కడ బురదతో కలిసిన ఉప్పు పేరుకుంటుంది. మిడిల్ స్ట్రెయిట్ వంటి చోట్ల వాహనాలు పంటు మీద సముద్రపు పాయ దాటినప్పుడు ఆ ఉప్పు మరింత చేరుతుంది. పైన మెరిసే బండి కింద గుల్లబారి ఉండటానికి కారణం ఇదే.

తరచూ కనిపించే లోపాలు

మొదటిది బ్రేకులు. అడుగున సాగే ఉక్కు బ్రేక్ పైపులు బయటి నుంచి తుప్పు పడతాయి. బ్రేక్ ఆయిల్ కూడా గాలిలోని తేమను పీల్చుకుంటుంది. కొత్త డాట్ 3 ఆయిల్ కనీసం 205 డిగ్రీల సెల్సియస్ వరకు మరగదు. సుమారు 3.7 శాతం నీరు చేరితే ఆ హద్దు 140 డిగ్రీలకు పడిపోవచ్చు. ఘాట్ దిగేటప్పుడు ఆయిల్ మరిగి ఆవిరి బుడగలు ఏర్పడితే పెడల్ మెత్తగా లోపలికి పోతుంది, బండి ఆగదు. జిర్కాటాంగ్ నుంచి మిడిల్ స్ట్రెయిట్ వరకు సుమారు 50 కిలోమీటర్లు జరావా తెగ రక్షిత ప్రాంతం. అక్కడ వాహనాలు వరుసగా వెళ్లాలి, మధ్యలో ఆపకూడదు. బ్రేకు లోపం బయటపడకూడని చోటు అది.

రెండోది ఎర్త్ కనెక్షన్. డీజిల్ ఇంజన్ సెల్ఫ్ మోటారు 200 ఆంపియర్లు తీసుకుంటుందనుకుందాం. ఎర్త్ తీగ బిగింపు దగ్గర తుప్పు వల్ల 0.01 ఓమ్ నిరోధం చేరినా 2 వోల్టులు అక్కడే పోతాయి. సెల్ఫ్ నీరసంగా తిరుగుతుంది. బ్యాటరీ పోయిందనుకుని కొత్తది కొంటే డబ్బు ఖర్చవుతుంది, లోపం మాత్రం అలాగే ఉంటుంది. గీకు కాగితంతో రుద్ది, గ్రీజు పూస్తే సరిపోయే పని ఇది.

మూడోది రేడియేటర్. సన్నని రెక్కలు పొడిగా రాలిపోతే వేడి బయటకు పోదు. కూలెంట్‌కు బదులు మామూలు నీళ్లు పోస్తే లోపలా తుప్పు మొదలవుతుంది. ఇంజన్ అతిగా వేడెక్కితే హెడ్ గాస్కెట్ కాలుతుంది, హెడ్ వంకర పోవచ్చు. నాలుగోది కమాను కట్టలు. తుప్పు చేసిన చిన్న గుంట దగ్గర ఒత్తిడి కేంద్రీకృతమై, బరువుతో గతుకుల్లో పోతున్నప్పుడు పట్టీ అక్కడే విరుగుతుంది.

ఖర్చు ఎలా పెరుగుతుంది?

మరమ్మతు ఖర్చులో విడిభాగం ధర, మెకానిక్ కూలి మాత్రమే ఉండవు. బండి ఆగిన రోజుల ఆదాయ నష్టం కూడా కలుస్తుంది. దీవుల్లో ఈ మూడోదే చాలాసార్లు పెద్దది. షెడ్డులో లేని భాగం చెన్నై, విశాఖపట్నం లేదా కోల్‌కతా నుంచి ఓడలో రావాలి. ప్రయాణమే సుమారు మూడు రోజులు, ఓడ కోసం ఎదురుచూపు వేరు. 2025 సెప్టెంబరు 22 నుంచి 28 శాతం జీఎస్టీ ఉన్న వాహన విడిభాగాలు కూడా 18 శాతం పరిధిలోకి వచ్చాయి. అది ధరను కొంత తగ్గించినా, ఆగిన రోజులను తగ్గించదు.

అన్నిటికంటే ఖరీదైనది నిర్మాణంలో తుప్పు. భాగాన్ని విప్పి మార్చినట్టు దాన్ని మార్చలేం. కోసి, కొత్త రేకు వెల్డింగ్ చేయాలి. టింకరింగ్, పెయింటింగ్ కలిసి పాత బండి విలువను మించిపోవచ్చు. ఛాసిస్ విడిగా లేని మోనోకాక్ వ్యాన్లలో బాడీయే బరువు మోస్తుంది కనుక అది భద్రత సమస్య కూడా. ఎనిమిదేళ్లు దాటిన రవాణా వాహనానికి ఏటా ఫిట్‌నెస్ పరీక్ష తప్పదు.

నివారణ చవక

వారానికోసారి, పంటు దాటిన తర్వాత తప్పకుండా, అడుగుభాగాన్ని మంచినీటితో కడగాలి. వేసవిలో దీవుల్లో నీటి కొరత ఉంటుంది కాబట్టి పట్టి ఉంచిన వాననీరు ఈ పనికి బాగా ఉపయోగపడుతుంది. తలుపుల అడుగున నీరు పోయే రంధ్రాలు మూసుకుపోకుండా చూడాలి. పెచ్చు లేచినచోట తుప్పు గీకి వెంటనే ప్రైమర్ వేయాలి. తుప్పు మీదే పెయింటు వేస్తే చర్య లోపల కొనసాగుతుంది. బ్రేక్ ఆయిల్‌ను రెండేళ్లకోసారి, ఇక్కడి తేమలో వీలైతే ఇంకా ముందే, మార్చడం మేలు.

పాత వ్యాను కొనేవారు ఇంజన్ చప్పుడు వినే ముందు బండి కిందికి వంగి చూడాలి. అడుగున కొత్తగా పూసిన నల్లరంగు కనిపిస్తే అనుమానించాలి. చిన్న సుత్తితో తడితే గట్టి ఉక్కు ఖంగుమంటుంది, పుట్టీ లేదా గుల్లబారిన రేకు బొద్దుగా పలుకుతుంది. ఇంజన్ భాగాలు ఓడలో వస్తాయి. తుప్పు తిన్న ఛాసిస్‌కు బదులు మరొకటి తెప్పించడం మాత్రం అంత తేలిక కాదు.