స్టేటస్‌లో చెరువు కబుర్లు వేరు, ఇంటి కబుర్లు వేరు

కొల్లేరు చుట్టుపక్కల కైకలూరు, మండవల్లి, ఆకివీడు మండలాల్లో పట్టుబడి రోజున చేపల ఫొటో వాట్సాప్ స్టేటస్‌లో పెట్టడం రైతులకు అలవాటైపోయింది. ఏలూరు నిమ్మ రైతులు, తాడేపల్లిగూడెం వైపు కూరగాయల రైతులూ అదే చేస్తున్నారు. సరుకు గురించి నలుగురికీ తెలియడం మంచిదే. అయితే ఆ వెనకే బ్యాంకు నోటీసు, అన్నదమ్ముల తగాదా, పిల్ల పెళ్లి అప్పు కూడా పెట్టేస్తేనే చిక్కు. స్టేటస్ 24 గంటలు ఉంటుంది. చూసేది చుట్టాలే కాదు. కమీషన్ ఏజెంటు, మేత డీలరు, చెరువు లీజుకిచ్చిన ఆసామీ కూడా చూస్తారు.

అవసరం బయటపడితే...

"అర్జంటుగా డబ్బు కావాలి, ఈ వారమే పట్టేస్తున్నాం" అని రాశారనుకోండి. కొనేవాడు ముందే ధర తగ్గించుకుని గట్టు మీదకు వస్తాడు. నాలుగు రోజులు ఆగే ఓపిక మీకు లేదని అతనికి తెలిసిపోయింది కదా!

ఇది దాచకూడదు

అలాగని అన్నీ దాచేయకూడదు. 1994-95లో మన తీరంలో రొయ్యల చెరువులను ఊడ్చేసిన తెల్లమచ్చల వైరస్ నీటి ద్వారా, పీతల ద్వారా పక్క చెరువులకు పాకుతుంది. చెరువులో చావులు కనిపిస్తే స్టేటస్ పెట్టనక్కర్లేదు. కానీ అదే కాలువ నీళ్లు తోడుకునే రైతులకు ఆ పూటే ఫోన్ చేసి చెప్పాలి. మత్స్యశాఖ సిబ్బందికీ తెలపాలి. చెరువు నీళ్లు కాలువలోకి వదలకూడదు. పరువు పోతుందని దాచిపెట్టినవాడి మాట ఆ తర్వాత ఎవరూ నమ్మరు.

నిషేధించిన యాంటీబయాటిక్ డబ్బా ఫొటోలో పడిందని ఫొటో తీసేస్తే సరిపోదు. ఆ మందే మానాలి. ఎగుమతి పరీక్షలో అది ఎలాగూ బయటపడుతుంది. అభయారణ్యంలో పట్టిన పక్షితో ఫొటో దిగితే మీ మీద మీరే సాక్ష్యం ఇచ్చుకున్నట్లు.

గంగవ్వ చూపిన దారి

జగిత్యాల జిల్లా లంబాడిపల్లికి చెందిన గంగవ్వ కూలి పనులు చేసుకుని బతికిన మనిషి. 'మై విలేజ్ షో' యూట్యూబ్ వీడియోలతో పేరు తెచ్చుకుని, 2020లో తెలుగు బిగ్‌బాస్ నాలుగో విడత దాకా వెళ్లారు. ఆమె తన యాసనూ, పల్లె బతుకునూ దాచుకోలేదు. జనం మెచ్చింది దాన్నే. మన మాట, మన పని చూపించుకోవడానికి సిగ్గుపడనక్కర్లేదు. ఇంటి గుట్టు ఒక్కటే జాగ్రత్త.

రైతులు పాటించాల్సినవి

* రెండు సిమ్‌ల ఫోనుంటే ఒక నంబరుతో 'వాట్సాప్ బిజినెస్' పెట్టుకుని సరుకు, ధర, ఊరు అందులో ఉంచండి. ఇంటి ఫొటోలు రెండో నంబరులో పెట్టుకోండి.
* ఒకటే నంబరైతే సెట్టింగ్స్‌లో ప్రైవసీకి వెళ్లి, స్టేటస్ ఎవరు చూడాలో మీరే ఎంచుకోండి.
* పాత ఫొటోను ఈనాటి సరుకని పెట్టవద్దు. లారీ వచ్చాక తేడా తేలితే మళ్లీ ఆ వ్యాపారి రాడు.
* కోపంలో ఉన్నప్పుడు, రాత్రి పొద్దుపోయాక ఏదీ పెట్టవద్దు. తెల్లారాక చూసుకోండి.
* ఇల్లు తాళం వేసి ఊరెళ్లిన సంగతి తిరిగొచ్చాకే చెప్పండి.
* పట్టాదారు పాసుపుస్తకం, ఆధార్, బ్యాంకు పుస్తకం ఫొటోలు ఏ గ్రూపులోనూ పెట్టకూడదు. మోసపోయి డబ్బు పోతే ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయండి.