తలపే చేతికి బదులైన వేళ

చెయ్యి చాచి మీట నొక్కి దీపం వెలిగించుకోవడం మనం లెక్కలోనికి తీసుకోని అనుగ్రహం. కాళ్లూ చేతులూ చచ్చుబడిన మనిషి ఆ చిన్న పనికి కూడా మరొకరిని పిలువవలసిందే. యాదగిరిగుట్టకు దక్షిణాన, మర్రిగూడ ప్రాంతపు పల్లెలలో ఫ్లోరైడు నీరు తరాల తరబడి ఎముకలను వంచివేసిన సంగతి పాఠకులకు తెలిసినదే. లీటరు నీటిలో ఫ్లోరైడు 1.5 మిల్లీగ్రాములు మించరాదన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ పరిమితి. అంతకు ఎంతో మించిన నీటిని ఏళ్ల తరబడి త్రాగితే కీళ్లు బిగుసుకుంటాయి; కొందరిలో వెన్నుపాము నలిగి అవయవాలు స్వాధీనం తప్పుతాయి. కానీ ఆలోచన చెక్కుచెదరదు. ఆ ఆలోచననే ఆజ్ఞగా మార్చి యంత్రానికి అందించే విద్య నేడు రూపుదిద్దుకుంటున్నది.

1924లో జర్మన్ వైద్యుడు హాన్స్ బెర్గర్ మానవ మెదడులోని విద్యుత్ తరంగాలను తొలిసారి నమోదు చేశారు. తలకు తొడిగే పట్టీలోని లోహపు బిళ్లలు శస్త్రచికిత్స లేకుండానే, చర్మం మీది నుండే వాటిని పట్టుకుంటాయి. ఆ సంకేతం వోల్టులో లక్షవ వంతు స్థాయిలో ఉండే అతి సూక్ష్మమైనది. కుడిచేతిని కదిలిస్తున్నట్లు ఊహించుకుంటే మెదడు ఎడమ భాగంలో ఒక లయ సన్నగిల్లుతుంది. కంప్యూటర్ ఆ మార్పును గుర్తించి ఫ్యానునో, దీపాన్నో, చక్రాల కుర్చీనో నడిపిస్తుంది.

ఈ రంగంలో ప్రసిద్ధులైన ఆచార్య రాజేశ్ రావు హైదరాబాదులో పాఠశాల విద్య అభ్యసించి, అమెరికాలోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో పరిశోధకులైనారు. 2013 ఆగస్టులో ఆయన ఒక వీడియో ఆటను చూస్తూ చేతిని కదిలిస్తున్నట్లు ఊహించారు. మరొక భవనంలో ఉన్న సహచరుని చూపుడువేలు ఆ సంకేతంతో కదిలి మీట నొక్కింది.

ఒకప్పుడు ప్రయోగశాలలకే పరిమితమైన ఈ పరికరాల నమూనాలను కొందరు అందరికీ బహిరంగపరిచారు. అందువల్ల ఇంజనీరింగ్ విద్యార్థులు సైతం తక్కువ ఖర్చుతో వీటిని తయారు చేయగలుగుతున్నారు. అయితే ఆశను అతిశయోక్తి చేయరాదు. చవక పట్టీలు రెప్పపాటునూ, దవడ కదలికనూ మెదడు సంకేతంగా పొరబడతాయి. పట్టుబడడానికి సాధన కావాలి. తల లేదా కనురెప్ప కదపగలిగిన వారికి అంతకంటే సులువైన మీటలే మేలు. ఇక మనసులోని రహస్యాలను ఈ పట్టీ చదివేస్తుందన్న భయం అనవసరం. అది గుర్తించేది నేర్పిన కొద్ది సంకేతాలనే.

మాట రాని వాని స్పష్టమైన ఇషారాను మాటతో సమానంగా మన ఫిఖహ్ పండితులు శతాబ్దాల క్రితమే అంగీకరించారు. నికాహ్‌లోనూ, క్రయవిక్రయాలలోనూ అది చెల్లుతుంది. యంత్రం ద్వారా అందే 'అవును', 'కాదు' కూడా ఆ మనిషి మాటే కాగలదు. యంత్రం పొరబడవచ్చు గనుక ఆస్తి, వివాహం వంటి విషయాలలో మరల మరల అడిగి రూఢి చేసుకోవాలి. అంతేగాని, మంచం మీద ఉన్నవాని తరఫున మనమే నిర్ణయించేయడం న్యాయం కాదు. అంధులైన హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ ఉమ్మె మక్తూమ్ (రజి)కి దైవప్రవక్త (స) అజాన్ బాధ్యతనూ, తాము లేనప్పుడు మదీనా బాధ్యతనూ అప్పగించారు. ఆయన లోపాన్ని చూడలేదు, అర్హతను చూశారు.

కనుక ఇంట్లో వికలాంగులున్న సోదర సోదరీమణులు ముందుగా వైకల్య ధ్రువపత్రం పొందాలి. 1981 నుండి అమలులో ఉన్న కేంద్ర ఏడిఐపి పథకం కింద సహాయ పరికరాలకు దరఖాస్తు చేయాలి. మన జిల్లాలోని బీబీనగర్ ఎయిమ్స్ వంటి చోట వైద్య సలహా తీసుకోవాలి. మొహల్లాలోని చదువుకున్న యువకులు జకాత్, సదఖా నిధుల పెద్దలతో కలసి అర్హులైన ఒక్కరికైనా ఇటువంటి మీటను అమర్చిపెడితే, ఆ ఇంట దీపాన్ని ఇకమీదట అతడే వెలిగించుకుంటాడు.