రేపు బడి ఉంటుందా, అమ్మమ్మా?

ఈ ప్రశ్న నాకు కొత్తది కాదు. బరంపురంలో ముప్ఫయ్యేళ్ళకు పైగా పంతులమ్మగా పనిచేసినదాన్ని. బంగాళాఖాతంలో వాయుగుండం అని రేడియోలో చెప్పిన ప్రతిసారీ మా వీధి పిల్లలంతా మా అరుగు ఎక్కి నన్నే అడిగేవారు. కాని 2015 జనవరిలో అదే ప్రశ్న మా మనుమడు అమెరికాలో, బోస్టన్ నగరానికి పడమటనున్న ఒక చిన్న ఊళ్ళో అడిగినప్పుడు మాత్రం నా దగ్గర జవాబు లేదు. నాకు వాన తెలుసు, గాలి తెలుసు. మంచు తెలియదు.

ఆ చలికాలం నేను మా అమ్మాయికి సాయంగా వెళ్ళాను. అల్లుడుగారు ఉద్యోగం పనిమీద కాలిఫోర్నియాలో ఉన్నారు. అమ్మాయికి ఆసుపత్రిలో మందుల విభాగంలో కొలువు. మంచు పడినా పిడుగు పడినా ఉదయం ఏడింటికి అక్కడ ఉండవలసిందే. అందుచేత బడి ఉందా లేదా అన్నది ఆ ఇంట్లో పిల్లవాడి సరదా ఒక్కటే కాదు. తెల్లవారితే ఇల్లు ఎలా నడవాలన్న ప్రశ్న కూడాను.

అప్పటికి ఎనిమిదేళ్ళవాడైన మనుమడు తన ప్రయత్నం తాను చేశాడు. రాత్రి పైజమా తిరగేసి తొడుక్కున్నాడు. తలగడ కింద చెంచా పెట్టుకున్నాడు. మంచుగడ్డలు నాలుగు తెచ్చి మరుగుదొడ్లో వేసి నీళ్ళు వదిలాడు. "ఇదేమిట్రా?" అంటే, ఇలా చేస్తే మంచు బాగా కురిసి బడి మూసేస్తారట! ఆ దేశంలో చాలామంది పిల్లలు ఇలాగే చేస్తారని తర్వాత తెలిసింది. వానకోసం కప్పతల్లిని ఊరేగించే మనం నవ్వడానికి లేదు.

ఆ జనవరి 26న వాతావరణ శాఖవారు న్యూయార్కుకీ, బోస్టన్‌కీ కూడా పెద్ద మంచు తుఫాను హెచ్చరిక చేశారు. బడులకు ముందు రోజే సెలవు ప్రకటించేశారు. బోస్టన్‌లో 24.6 అంగుళాల మంచు పడింది. ఉస్టర్ అనే ఊళ్ళో ఏకంగా 34.5 అంగుళాలు. న్యూయార్కు నగరంలో మాత్రం 10 అంగుళాలు కూడా నిండలేదు. మంచు కారణంగా అంతకుముందెన్నడూ ఆపని భూగర్భ రైళ్ళను ఆపేసి కూర్చున్న నగరమది! తుఫాను సముద్రం మీద కాస్త తూర్పుకి జరిగింది, అంతే. న్యూజెర్సీవైపు అంచనాలు చూసే అధికారి ఒకాయన ప్రజలకు క్షమాపణ కూడా చెప్పుకున్నారు. వాన రాకడ, ప్రాణం పోకడ అని మనవాళ్ళు ఊరికే అనలేదు.

పంతులమ్మ బుద్ధి ఎక్కడికి పోతుంది? లెక్క నేర్చుకుందామని కూర్చున్నాను. మన అంగుళం వాన అక్కడ రమారమి పది అంగుళాల మంచు. చలి బాగా ఎక్కువైతే మంచు పొడిపొడిగా ఇంకా మందంగా పేరుకుంటుంది. ఎంత పడుతుందన్న దానికంటే ఎప్పుడు పడుతుందన్నది ముఖ్యం. రాత్రి పదికి మొదలై రెండింటికి ఆగితే మంచు తోసే బండ్లు తెల్లవారేసరికి దారి చేసేస్తాయి. అదే మంచు నాలుగింటికి మొదలైతే బడి బస్సులు కదిలే వేళకు దారి మూసుకుపోతుంది. పడ్డచోటే గడ్డకట్టే వాన పావు అంగుళం ఉన్నా, అరడుగు మంచుకంటే ప్రమాదం. ఇక గాలి. గంటకు 35 మైళ్ళ గాలి వీస్తూ, పావు మైలు దూరంలో ఉన్నది కూడా కనబడకుండా మూడు గంటలు సాగితే దానికి 'బ్లిజార్డ్' అని పేరు. అప్పుడిక ఆలోచించే పనే లేదు.

నిర్ణయం మాత్రం వాతావరణ శాఖది కాదు. మన దగ్గర కలెక్టరుగారు జిల్లా మొత్తానికి సెలవు ప్రకటిస్తారు. అక్కడ ఊరి బడులన్నిటికీ పైన ఒక సూపరింటెండెంటు ఉంటారు. చాలా ఊళ్ళలో ఆయనో ఆవిడో తెల్లవారుజామున నాలుగింటికే లేచి, రోడ్లు చూసేవారితో, పోలీసులతో, బస్సులవారితో, పక్క ఊళ్ళ సూపరింటెండెంట్లతో ఫోనులో మాట్లాడి, అయిదున్నర లోపల తేల్చాలి. ఆ రాష్ట్రంలో ఏడాదికి 180 రోజులు బడి జరిగి తీరాలి. ఇవాళ ఇచ్చిన సెలవు జూన్‌లో తిరిగి కట్టవలసిన అప్పే.

ఫిబ్రవరిలో ఒక రాత్రి నాలుగైదు అంగుళాలు పడుతుందన్నారు. మనుమడు "సెలవే" అన్నాడు. నేను నా కొత్త చదువంతా చూపించి, "మూడింటికల్లా ఆగిపోతుందిట. బడి ఉంటుంది" అన్నాను. పందెం ఒక పూర్ణం బూరె. మంచు నేను చెప్పినట్టే ఆగింది. అయిదుంబావుకి ఫోను మోగింది. బడి ఉంది, కాని రెండు గంటలు ఆలస్యంగా! ఇద్దరమూ గెలవలేదు, ఇద్దరమూ ఓడలేదు. బూరె మాత్రం వాడే తిన్నాడు.

వాణ్ణి బస్సు ఎక్కించడానికి రోడ్డు మలుపు దాకా వెళ్ళాను. అక్కడ పొరుగింటి పెద్దాయన మంచు తోస్తున్నారు. ఒకప్పుడు బడి బస్సు నడిపిన మనిషి. "మన వీధి ఇంత శుభ్రంగా ఉంది కదా, ఆలస్యం ఎందుకండీ?" అని అడిగాను. ఆయన పార ఆపి ఊరి చివరనున్న గుట్టవైపు చూపించారు. ఆ గుట్ట వెనకాల నీడపట్టున నిటారుగా ఒక రోడ్డు ఉందట. అక్కడ కొద్ది ఇళ్ళు. పొద్దెక్కి ఇసుకా ఉప్పూ చల్లితే గాని బస్సు చక్రం పట్టదు. "మంచి రోడ్డు చూసి బడి తెరవరమ్మా, అన్నిటికంటే చెడ్డ రోడ్డు చూసి తెరుస్తారు" అన్నారు.

ఆ మాట వినగానే చలితో కాదు, వేరే దేనితోనో నా ఒళ్ళు జలదరించింది.

చాలా ఏళ్ళ క్రితం మాట. మా పెద్దమేడం సెలవులో ఉంటే బడి బాధ్యత నామీద పడింది. ఆగస్టు నెల. రాత్రంతా కుండపోత. పొద్దున్న తెరిపి ఇచ్చింది. నేను బడి గుమ్మంలో నిలబడి ఆకాశం చూశాను. ఆవరణలో నీళ్ళు ఇంకిపోయాయి. సరే, గంట కొట్టమన్నాను. ఆ గంట విని మూడో తరగతి పిల్ల ఒకతి పరుగున బయలుదేరింది. వాళ్ళ ఇల్లు పల్లంలో, నాలా పక్క సందులో ఉంది. అక్కడ నాలా పొంగి దారీ నాలా ఒకటైపోయాయి. పిల్ల అడుగు తప్పి పడిపోయింది. ఒక రిక్షా అతను జుట్టు పట్టుకుని పైకి లాగాడు గనుక బతికింది. పుస్తకాల సంచీ దొరకలేదు. వాళ్ళమ్మ నన్ను ఒక్క మాట అనలేదు. మర్నాడు తడిసిన కళ్ళతో పిల్లను తీసుకువచ్చి, "గంట వినబడింది కదమ్మా, అందుకే పంపేశాను" అంది. నేను చూసింది బడిమీది ఆకాశాన్ని. చూడవలసింది ఆ సందును.

ఈ లెక్క తప్పినవాళ్ళలో నేను మొదటిదాన్ని కాను. 1888 జనవరి 12న అమెరికా మధ్య మైదానాల్లో పొద్దున్న వెచ్చగా ఉందని పిల్లలు మందపాటి కోట్లు లేకుండా బడికి వెళ్ళారు. కాసేపటికే మంచు తుఫాను విరుచుకుపడింది. 235 మంది దాకా పోయారని చెబుతారు. వారిలో బడిపిల్లలు ఎందరో. 2014 జనవరి 28న అట్లాంటాలో పడ్డది రెండున్నర అంగుళాలే. బోస్టన్‌వాళ్ళు లెక్కచేయనంత మంచు. కాని బళ్ళు, కచేరీలు అన్నీ ఒక్కసారే వదిలేసరికి రోడ్లు బిగిసిపోయి, వేలమంది పిల్లలు ఆ రాత్రి బడులలోనే పడుకున్నారు. కొందరు బస్సుల్లోనే చిక్కుకుపోయారు. మన బొంబాయి పాఠకులకు 2005 జూలై 26 గుర్తు ఉండే ఉంటుంది. శాంతాక్రజ్‌లో ఒక్క రోజులో 944 మిల్లీమీటర్ల వాన. అక్కడా ఎందరో పిల్లలు ఇల్లు చేరలేకపోయారు.

అలాగని మబ్బు కనబడగానే తాళం వేయడమూ తేలిక కాదు. బడి మూస్తే కూలికి పోయే తల్లి ఆ రోజు కూలి వదులుకోవాలి. బడిలో పెట్టే అన్నమే ఆ పూటకు అన్నమైన పిల్లలు మన ఒడిశాలోనూ ఉన్నారు, అమెరికాలోనూ ఉన్నారు. బోస్టన్‌లో ఆ చలికాలం మొత్తం 110.6 అంగుళాలు, అంటే తొమ్మిదడుగుల పైమాట మంచు పడింది. వరసగా సెలవులు ఇచ్చిన ఊళ్ళలో జూన్ చివరిదాకా పిల్లలు బడికి వెళ్ళారు. ఎవరికి వారు సూపరింటెండెంటుని తిట్టుకున్నారు, సెలవు ఇస్తే ఎందుకిచ్చారని, ఇవ్వకపోతే ఎందుకివ్వలేదని. ఆ తెల్లవారుజాము నాలుగింటి ఫోనులు నాకు తెలుసు గనుక నేను మాత్రం తిట్టలేదు.

మనుమడు ఇప్పుడు కాలేజీకి వచ్చాడు. చెంచా సంగతి ఎత్తితే సిగ్గుపడతాడు. కరోనా వచ్చి వెళ్ళాక కొన్నిచోట్ల మంచు సెలవు బదులు ఇంట్లోనే కంప్యూటరులో పాఠాలు పెడుతున్నారు. 2024 ఫిబ్రవరి 13న న్యూయార్కులో అలాగే పెడితే పొద్దున్నే చాలామందికి కంప్యూటరులో తరగతి తెరుచుకోనే లేదు.

నేను మళ్ళీ బరంపురం అరుగుమీదికి వచ్చిపడ్డాను. వాయుగుండం పట్టినప్పుడు ఇప్పటికీ పక్కింటి పిల్ల వచ్చి, "మామ్మా, రేపు బడి ఉంటుందా?" అని అడుగుతుంది. నేను ఆకాశంవైపు చూడను.

"మీ క్లాసులో అందరికంటే పల్లంలో ఉండేది ఎవరే? వాళ్ళ సందులో నీళ్ళు ఎంతవరకు వచ్చాయో కనుక్కుని రా" అంటాను.