ఊగే భవనానికి తోడు ఊగే దిమ్మ

ఉయ్యాల ఊపడానికి బలం అక్కర్లేదు. దాని లయ కనిపెట్టి, సరిగ్గా వేళకి చిన్న తోపు ఇస్తూ పోతే చాలు. దీన్నే మనం కాలేజీలో రెజొనెన్స్ అని చదువుకున్నాం. తెలుగులో అనునాదం అందాం. ఆకాశహర్మ్యాలకి కూడా ఇలాంటి సహజ లయ ఒకటి ఉంటుంది. గాలి తోపులు ఆ లయలో పడితే పై అంతస్తుల్లో ఉన్నవారికి కడుపులో తిప్పుతుంది.

దీనికి విరుగుడు 1911లో హెర్మన్ ఫ్రామ్ అనే జర్మన్ ఇంజనీరు అమెరికాలో పేటెంటు పొందిన ఉపాయం. పెద్ద వస్తువుకి ఒక స్ప్రింగుతో చిన్న బరువు తగిలించి, రెండింటి లయనీ కలపాలి. అప్పుడు చిన్న బరువు పావు ఆవృత్తి వెనకబడి ఊగుతూ పెద్దదాని ఊపుని లాగేసుకుంటుంది. అయితే గాలి ఒకే లయలో వీచదు కదా? అందుకని 1928లో ఆర్మాండ్రాయిడ్, డెన్ హార్టాగ్ దీనికి కొంత డాంపింగు, అంటే శక్తిని వేడిగా మార్చి ఖర్చు చేసే ఏర్పాటు, జతచేశారు. డెన్ హార్టాగ్ సూత్రం ప్రకారం చిన్న బరువు పెద్దదానిలో 2 శాతం ఉంటే, దాని లయని భవనం లయకంటే సుమారు 2 శాతం తగ్గించి శ్రుతి చెయ్యాలి.

న్యూయార్కులో 1977లో పూర్తయిన 59 అంతస్తుల సిటీకార్ప్ సెంటర్ పైభాగంలో ఇంజనీరు విలియం లెమెజ్యూరియర్ సుమారు 400 టన్నుల కాంక్రీటు దిమ్మని నూనె పొర మీద జారేటట్టు అమర్చాడు. ఊపు దాదాపు సగం తగ్గుతుందని అంచనా.

అసలు కథ 1978లో మొదలయింది. ఈ భవనం స్తంభాలు మూలల్లో కాక భుజాల మధ్యలో ఉన్నాయి. మూల మీదకి వీచే గాలులకి కొన్ని కమ్మీల మీద భారం 40 శాతం పెరుగుతుందని లెమెజ్యూరియర్ లెక్కలో తేలింది. పైగా అతుకులకి వెల్డింగు బదులు బోల్టులు వాడారు. దిమ్మ పనిచేస్తే 55 ఏళ్ళకొకసారి వచ్చే తుఫాను, పనిచెయ్యకపోతే 16 ఏళ్ళకొకసారి వచ్చేది, భవనాన్ని కూల్చవచ్చని ఆయన అంచనా వేశాడు. దిమ్మకి కరెంటు కావాలి. తుఫానులో ముందుగా పోయేది కరెంటే!

వెంటనే రాత్రిళ్ళు అతుకుల మీద ఉక్కు పలకలు వెల్డింగు చేశారు. దిమ్మకి జనరేటర్లు పెట్టారు. సెప్టెంబరులో ఎల్లా తుఫాను న్యూయార్కు వైపు కదిలి, అదృష్టం కొద్దీ సముద్రంలోకి మళ్ళిపోయింది. చుట్టుపక్కల ఉన్న జనానికి ఈ సంగతంతా తెలిసింది 1995లో, న్యూయార్కర్ పత్రిక వ్యాసంతో.

ఇందులో మన వృత్తికీ పాఠం ఉంది. దిమ్మని పెట్టింది సుఖం కోసం. చివరికి ప్రాణాలే దాని మీద ఆధారపడ్డాయి. నెమ్మదిగా నడిచే డేటాబేసుకి ముందు మనం క్యాష్ పెడతాం. కొన్నాళ్ళకి అది లేకపోతే వ్యవస్థ నిలబడదు. ఆ సంగతి ఏ డిజైన్ డాక్యుమెంటులోనూ ఉండదు. క్యాష్ పెట్టడంలో తప్పు లేదు. ఒక్కసారి దాన్ని ఆపి, కింద ఉన్నది తనంతట తాను నిలబడుతుందో లేదో చూసుకోవాలి. ఆ పరీక్షకి తుఫాను దాకా ఆగకూడదు.